కత్తి పట్టే చేయి, మొద్దు ముందు నడుము

పోయిన సంచికలో మెడనొప్పుల గురించి రాస్తూ, మాంసం కొట్టేవాళ్ల భుజాల సంగతి ఒక్క వాక్యంలో అన్నాను. ఆ వాక్యానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. చికెన్ షాపుల నుంచి, మటన్ కొట్ల నుంచి, కబేళాల నుంచి, ఎగుమతి ప్లాంట్ల నుంచి రాశారు. కొందరు స్వయంగా రాశారు, ఎక్కువమంది తరఫున భార్యలో పిల్లలో రాశారు. ఫిజియోథెరపిస్టుగా నేను చూసే చేతుల్లో బాగా అరిగిపోయినవి వీళ్లవే. ఈసారి శీర్షిక మొత్తం వీళ్లకే ఇస్తున్నాను. పేర్లు వద్దన్నవాళ్లవి ఊళ్లతో సరిపెట్టాను.

మా ఆయన చికెన్ షాపులో కటింగ్ చేస్తారు. 12 ఏళ్ల నుంచి ఇదే పని. ఆరు నెలలుగా రాత్రి రెండింటికో మూడింటికో లేచి కూర్చుని కుడిచేయి విదిలించుకుంటారు. మొద్దుబారిందంటారు. పొద్దున్నే టీ గ్లాసు చేతిలోంచి జారిపోతోంది. మా వీధి ఆర్ఎంపీ నరాల బలహీనత అని బి-కాంప్లెక్స్ సూదులు వేశాడు. షాపు ఓనరేమో వయసైపోతోంది అంటాడు. ఆయనకు 38. పక్షవాతం వస్తుందేమోనని నాకు ఒకటే టెన్షన్.
— ఒక సోదరి, వరంగల్

అమ్మా, మీరు రాసినదాన్నిబట్టి ఇది పక్షవాతంలా లేదు. పక్షవాతం ఉన్నట్టుండి వస్తుంది. మూతి వంకరపోతుంది, మాట తడబడుతుంది, చేయితోపాటు కాలూ పట్టు తప్పవచ్చు. అలాంటిది ఎప్పుడు కనిపించినా క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. నెలల తరబడి రాత్రిళ్లు తిమ్మిరెక్కి, విదిలిస్తే తగ్గే చేయి సంగతి వేరు.

ఈసారి ఆయన లేచినప్పుడు ఒక్కో వేలూ పట్టుకుని ఏది మొద్దుబారిందో అడగండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం అని చెప్పి, చిటికెనవేలు మాత్రం బాగానే ఉందంటే మణికట్టునే అనుమానించాలి. దీన్ని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు లోపల అడుగున చిన్న చిన్న ఎముకలు, పైన గట్టి పట్టీ, మధ్యలో ఇరుకైన దారి ఉంటాయి. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) ఒక నరమూ ఆ దారిలోంచే పోవాలి. రోజంతా కత్తిని బిగించి పట్టుకుంటే స్నాయువుల చుట్టూ వాపు చేరుతుంది. దారి పెరగదు కాబట్టి మెత్తగా ఉన్న నరం నలుగుతుంది. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుని పడుకుంటాం. అప్పుడు దారి ఇంకా ఇరుకవుతుంది. అందుకే ఆయనకు రాత్రిళ్లు బాధ ఎక్కువ.

బి-కాంప్లెక్స్ సూదుల మాటకొస్తే, విటమిన్ లోపం ఉన్నవాళ్లకు అవి పనికొస్తాయి. నలిగిన నరం మీది ఒత్తిడిని అవి తగ్గించలేవు. ఓనరు చెప్పిన వయసు సంగతికి నేను ఒప్పుకోను. 38 ఏళ్లకు వయసు మీద పడితే రెండు చేతులకూ పడాలి కదా, కత్తి పట్టే చేతికే ఎందుకు పడింది?

నా దగ్గరికి వచ్చే మాంసం పనివాళ్లను రెండోసారి వచ్చేటప్పుడు కత్తిని మందపాటి గుడ్డలో చుట్టి తెమ్మంటాను. నవ్వుతారు గానీ తెస్తారు. చాలామందికి ఎక్స్‌రే చెప్పనిది ఆ కత్తి చెబుతుంది. ఒక న్యూస్‌పేపర్ కాగితాన్ని గాల్లో పట్టుకుని కత్తితో కోయమంటాను. పదునుంటే సర్రున దిగుతుంది. లేకపోతే కాగితం నలిగి చిరుగుతుంది. కాగితాన్ని చింపే కత్తితో ఆదివారం పూట కోళ్ల మీద కోళ్లు కోస్తున్నాడంటే, పదును చేయాల్సిన పనిని ముంజేయి చేస్తోందని అర్థం. అమెరికాలో 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో మాంసం కోసేవాళ్లకు బలాన్ని కొలిచే పరికరం అమర్చిన కత్తులిచ్చి పరీక్షించారు. పదును తగ్గితే పిడి మీద పట్టు బిగుసుకుంది, కోతకు పట్టే సమయం కూడా పెరిగింది. అనుభవమున్న ఏ కసాయిని అడిగినా ఈ మాట చెబుతాడు. కాకపోతే కసాయి చెబితే ఓనర్లు వినరు, అంకెలు చూపిస్తే వింటారు.

పదునుకు రెండు పనులున్నాయి, వాటిని కలిపేయకూడదు. సానరాయి మీద పట్టడం అంచును కొత్తగా తీస్తుంది. స్టీలు రాడ్డు మీద రాయడం ఒరిగిన అంచును నిలబెడుతుంది. సాన రోజుకోసారి చాలు. రాడ్డు మాత్రం కొన్ని కోళ్లకోసారి, నాలుగైదు తేలిక రాపులు పడుతూ ఉండాలి. రాడ్డు మీద బలంగా రుద్దితే అంచు ఇంకా చెడుతుంది. బోన్‌లెస్ తీసే సన్న కత్తితో ఎముకలు కొట్టకూడదు. కొట్టడానికి వేరే కత్తి ఉండాలి. పని అయ్యాక కత్తులన్నీ ఒకే బకెట్లో పడేస్తారే, అక్కడే సగం పదును పోతుంది.

పిడి సంగతి కూడా చూడండి. కొవ్వు, నీళ్లు, రక్తం అంటుకుని పిడి జారుతుంటే చేయి తనంతట తానే బిగుస్తుంది. సబ్బునీళ్లు, పొడిగుడ్డ పక్కనే పెట్టుకుని మధ్యమధ్యలో తుడుచుకోవాలి. కొందరు సైకిలు ట్యూబు చుడతారు. పట్టుకు బాగుంటుంది గానీ కింద రక్తం చేరి కుళ్లుతుంది, తరచూ విప్పి మార్చాలి. గ్లౌజు చేతికి పెద్దదైనా ఇబ్బందే. చేతికి స్పర్శ తెలియక అవసరానికి మించి బిగిస్తారు. ఐసులో పెట్టిన కోడిని కోయడమూ అంతే. చల్లబడిన వేళ్లు ఎంత బలంగా పట్టుకున్నాయో వాటికే తెలియదు.

ఇది మీ ఆయనొక్కరి బాధ కాదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ దక్షిణ కరోలినాలో ఒక కోళ్ల ప్లాంటులో కార్మికులను పరీక్షించి 2014లో నివేదిక ఇచ్చింది. పరీక్షకు వచ్చినవాళ్లలో 42 శాతం మందికి ఈ మణికట్టు జబ్బు ఆనవాళ్లున్నాయి. మేరీలాండ్‌లో మరో ప్లాంటులో 34 శాతం. అక్కడ కోడి గొలుసుకు వేలాడుతూ మనిషి ముందుకు వస్తుంది, ఆ లైను వేగానికి సర్కారు పరిమితి ఉంది. మన షాపులో లైను కౌంటరుకు అవతల నిలబడి ఉంటుంది. "అన్నా, బిర్యానీ కట్", "అన్నా, చిన్న ముక్కలు, స్కిన్‌లెస్", "అన్నా, ఎంతసేపు!" ఆ వేగానికి పరిమితి ఎవరూ పెట్టలేదు.

ఇక చేయాల్సింది. మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింటు మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. లోపల గట్టి పట్టీ ఉన్నదే తీసుకోండి, ఉత్తి ఎలాస్టిక్ గుడ్డ కాదు. రాత్రిళ్లు కట్టుకుని పడుకోవాలి, కనీసం ఆరు వారాలు. పనిలో మాత్రం కట్టుకోవద్దు. కట్టు ఎదురుతిరిగి చేయి ఇంకా శ్రమపడుతుంది. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి, ఆ రెండూ ఈ జబ్బుకు తోడవుతాయి. మెడ దగ్గర నరం నొక్కుకున్నా వేళ్లు తిమ్మిరెక్కుతాయి కాబట్టి డాక్టరు మెడ కూడా చూడాలి. గ్లాసు జారిపోతోందన్నారు, అందుకని ఆలస్యం చేయకండి. ఎముకల డాక్టరునో నరాల డాక్టరునో కలిసి, నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష చేయించండి. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. కుడి బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే కండ ఎడమదానికన్నా పల్చబడి ఉంటే ఆపరేషన్ సంగతి వెంటనే మాట్లాడాలి. అది చిన్న ఆపరేషన్. చేయకుండా ఏళ్లు గడిపితే ఆ కండ తిరిగి రాకపోవచ్చు.

ఓనరుతో మీరే మాట్లాడండి. మగవాళ్లు ఈ విషయంలో నోరు విప్పరు. ఇద్దరు పనివాళ్లుంటే కటింగ్, తూకం గంటకోసారి మార్చుకోమనండి. ఆయనకు రెండు కత్తులు కొనివ్వమనండి. ఒక పనివాడు మానేస్తే అలాంటి చేయి తిరిగిన మనిషిని వెతుక్కోవడానికి ఎంతవుతుందో ఓనరుకు తెలుసు.

మాది మా తాతలనాటి మటన్ కొట్టు. నాకు 52 ఏళ్లు. పొట్టేళ్లను మేమే కోస్తాం, తోలు నేలమీదే తీస్తాం. గద్దె మీద బాసింపట్టు వేసుకుని కొడతాను. నడుం పట్టేసి లేవలేకపోతున్నాను. కుడి మోచేతికి బయటివైపు నొప్పి, చెంబు ఎత్తినా జివ్వుమంటుంది. మోచేతికి ఒక ఇంజెక్షన్ చేస్తే రెండు నెలలు బాగుంది, మళ్లీ మామూలే. ఇంకొకటి చేయించుకోమంటారా?
— నల్గొండ జిల్లా నుంచి

ఇంజెక్షన్ వద్దు అన్నగారూ. మోచేతి బయటి నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి వారాల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లే చేయించుకోనివాళ్లకన్నా వెనకబడి ఉంటారని ఒకటికి రెండు పరిశోధనల్లో తేలింది. నొప్పి తగ్గింది కదా అని అదే చేత్తో అదే జోరుగా కొట్టడం కూడా ఇందుకో కారణం కావచ్చని నా అభిప్రాయం.

ఈ నొప్పికి టెన్నిస్ ఎల్బో అని పేరు. టెన్నిస్ ఆడేవాళ్లకన్నా కత్తి ఎత్తి కొట్టేవాళ్లనే నేనెక్కువ చూశాను. మణికట్టును పైకి లేపే కండరాలు మోచేతి బయటి ఎముకకు అతుక్కుని ఉంటాయి. కత్తి మొద్దుకు తగిలిన ప్రతిసారీ ఆ అదురు అక్కడికే పోతుంది.

ముందు మొద్దు చూసుకోండి. చింత మొద్దు ఎంత గట్టిదైనా ఏళ్లు గడిచేకొద్దీ నడుమ గుంటపడుతుంది. గుంటలో కొట్టాలంటే మణికట్టు వంచాలి, ఒక్క దెబ్బకు తెగాల్సింది రెండు మూడు దెబ్బలు పడుతుంది. వడ్రంగిని పిలిచి పైభాగం చదును చేయించండి. తర్వాత ఎత్తు. నిలబడి మోచేయి మడిస్తే ఎక్కడుంటుందో దానికి ఒక జానెడు కింద మొద్దు పైభాగం ఉండాలి. నేలమీద ఇనుప స్టాండు వేయించి దానిమీద మొద్దు పెట్టి, నిలబడి కొట్టండి. మటన్ కొట్టంటే గద్దె ఉండాల్సిందేనని మీ నాన్నగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. మీ నడుము ఆ అలవాటును ఇక భరించేలా లేదు. రోజంతా నిలబడినా తంటానే కనుక పక్కనే ఎత్తు స్టూలు పెట్టుకుని, తూకానికీ డబ్బుకీ కూర్చోండి.

తోలు నేలమీద తీయడం మానేయమని మరీ గట్టిగా చెబుతాను. గంటలకొద్దీ నడుం వంచి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో తోలు లాగుతూ ఇంకో చేత్తో కత్తి ఆడించడం కన్నా నడుముకు చెడ్డ పని వెతికినా దొరకదు. జంతుహింస నివారణ చట్టం కింద 2001లో వచ్చిన కబేళా నిబంధనలు కూడా కళేబరాన్ని నేలమీద పెట్టి శుభ్రం చేయకూడదంటాయి. అది మాంసం శుభ్రత కోసం పెట్టిన నిబంధన, మీ నడుముకూ అదే మందు. పైన దూలానికి కప్పీ, కొక్కెం వేయించండి. పొట్టేలును వెనక కాళ్లకు తగిలించి, పనిచేసే చోటు నడుముకూ భుజానికీ మధ్య ఉండేలా తాడు లాగుతూ దించుతూ పని చేయండి. మొదటి కోతలయ్యాక పిడికిలితో తోసి తోలు ఒలవడం మీకు నేను నేర్పక్కర్లేదు. వేలాడే జీవానికి ఆ పని సులువు, దాని బరువే మీకు సాయం చేస్తుంది. కాకపోతే చేయి భుజం కన్నా పైకి ఎత్తి తోయకండి, అక్కడ భుజం నొప్పి మొదలవుతుంది. మీ అబ్బాయి ఈ పనిలోకి వస్తున్నట్టయితే హైదరాబాద్ చెంగిచెర్లలోని కేంద్ర ప్రభుత్వ మాంస పరిశోధన సంస్థలో శిక్షణలు ఉంటాయి, పంపండి. మనకు తెలియనిదేముందిలే అనుకోకండి.

మోచేతికి ఒక కసరత్తు. ముంజేతిని బల్లమీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా మణికట్టును బల్ల అంచు దాటించండి. చేతిలో సగం నీళ్లున్న లీటరు సీసా పట్టుకోండి. ఎడమచేత్తో సాయంచేసి సీసాను పైకి లేపి, తర్వాత కుడిచేత్తోనే చాలా మెల్లగా కిందికి దించండి. పదిహేను సార్లు, పొద్దునా సాయంత్రం. కొంచెం నొప్పి పుట్టినా పరవాలేదు, మర్నాటిదాకా ఉండిపోతే నీళ్లు తగ్గించండి. రెండు మూడు నెలలు పడుతుంది. అందరూ రెండో వారంలో మానేస్తారు, మీరు మానకండి.

నడుముకు మంచం పట్టొద్దు. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే ఇంకా బిగుసుకుపోతుంది. నెమ్మదిగా నడుస్తూ ఉండండి. కాలి వరకు నొప్పి లాగకుండా ఉత్త నడుం నొప్పే ఉంటే మొదటి రోజే ఎంఆర్ఐ కోసం వేలు పోయకండి. అయితే మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం పోతున్నా, మర్మావయవాల దగ్గర మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. బరువుల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. వస్తువు ఒంటికి ఆనుకుని, నడుం ఎత్తులో, ఒళ్లు మెలితిప్పకుండా, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలని నియోష్ సూత్రం. చర్మం తీసిన పొట్టేలు దీనికి లోపే ఉండొచ్చు, కానీ మీరు దాన్ని చాచిన చేతులతో, ఆటో వెనక నుంచి వంగి తీస్తారు. అప్పుడు ఆ 23 బాగా తగ్గిపోతుంది. ఆటోను కొట్టు అరుగుకు ఆనించి పెట్టించండి.

నాకు 24 ఏళ్లు. ఎగుమతి ప్లాంటులో బోనింగ్ హాల్లో (ఎముకల నుంచి మాంసం వేరుచేసే చోట) కాంట్రాక్టు మీద చేస్తున్నాను. ఎనిమిది నెలలైంది. పొద్దున లేచేసరికి కుడిచేతి ఉంగరపువేలు మడిచినట్టే ఉండిపోతుంది, ఎడమచేత్తో లాగితే చిటుక్కుమని తెరుచుకుంటుంది. కొక్కెం పట్టే ఎడమ భుజం కూడా నొప్పి. సూపర్‌వైజరు అలవాటైపోతుందిలే అంటాడు. సెలవు పెడితే కూలి పోతుంది. ఏం చేయాలి?
— పేరు, ఊరు వద్దన్న యువకుడు

తమ్ముడూ, సూపర్‌వైజరు మాటలో కొంత నిజముంది. కొత్తగా చేరినవాళ్లకు రెండు ముంజేతులూ పట్టేసినట్టు ఉండి, మొదటి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. ఎనిమిది నెలల తర్వాత వేలు ఇరుక్కుంటుంటే అది అలవాటయ్యే నొప్పి కాదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1990లోనే మాంసం ప్లాంట్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్తవాళ్లనూ, సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లనూ ఒకేసారి పూర్తి వేగానికి ఎక్కించకుండా కొన్ని వారాలు మెల్లగా అలవాటు చేయాలని అందులో ఉంది. నిన్ను ఎన్నో రోజు నుంచి పూర్తి లైను మీద నిలబెట్టారో నువ్వే గుర్తు తెచ్చుకో.

వేలు సంగతి. వేలిని ముడిచే స్నాయువు అరచేతిలో వేలి మొదట ఒక ఉంగరంలాంటి పట్టీ కిందుగా పోతుంది. పిడి రోజంతా సరిగ్గా అక్కడే ఒత్తుతుంది. స్నాయువు ఉబ్బి ముడిపడితే పట్టీ కింద ఇరుక్కుంటుంది. దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. చిటుక్కుమనిపించడం మానెయ్, ఫ్రెండ్స్ చేత లాగించుకోవద్దు. రాత్రి ఆ వేలిని చాపి ఉంచే చిన్న స్ప్లింటు పెట్టుకో. తగ్గకపోతే డాక్టరు చేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇక్కడ చాలామందికి పనిచేస్తుంది. పైన నల్గొండ అన్నగారికి వద్దన్నాను, నీకు సరే అంటున్నాను. చోటు వేరు, జబ్బు వేరు. అప్పటికీ వదలకపోతే పట్టీని కోసి వదులుచేసే చిన్న ఆపరేషన్ ఉంది.

ఎడమ భుజం గురించి ఎవరూ అడగరు, నువ్వు రాసినందుకు సంతోషం. బోనింగ్‌లో కుడిచేయి కోస్తుంది, ఎడమచేయి కొక్కెంతో మాంసాన్ని లాగి పట్టుకుంటుంది. కోసే చేయి కదులుతూ ఉంటుంది, లాగే చేయి కదలకుండా బిగుసుకుని ఉంటుంది. కదలని కండరానికి రక్తం సరిగా అందదు, తొందరగా అలసిపోతుంది. బల్ల నీకు ఎత్తైతే భుజం చెవుల దగ్గరికి లేచి ఉంటుంది. పొట్టివాళ్లు నిలబడే పీట హాల్లో ఉందేమో అడుగు. పొడుగువాళ్ల కోసం బల్ల ఎత్తి, పొట్టివాళ్లకు పీటలివ్వడమే పద్ధతి. హాలు చల్లగా ఉంటుంది కనుక మోచేతి దాకా ఉన్ని చేతితొడుగులు లోపల వేసుకో, విరామంలో చేతులు గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకో.

పని మార్పిడి ఉందని మీ ప్లాంటువాళ్లు చెప్పొచ్చు. ఎక్కడి నుంచి ఎక్కడికి మారుస్తున్నారో చూడు. తొడ దగ్గర కత్తి నుంచి జబ్బ దగ్గర కత్తికి మారిస్తే బోర్డు మీద పేరు మారుతుంది, కండరం మారదు. కత్తి నుంచి ప్యాకింగ్‌కో, లేబుల్ అంటించడానికో, కడగడానికో మారిస్తేనే చేతికి విశ్రాంతి.

మాంసం ప్లాంట్లలో ఏటా వైద్య పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తారు. ఆహార భద్రత నిబంధనల కింద తప్పనిసరి అది. నీకు చర్మవ్యాధులు, అంటువ్యాధులు లేవని చూస్తారు. నీ వల్ల మాంసం చెడకూడదన్నది దాని ఉద్దేశం. మాంసం వల్ల నీ చేయి చెడుతోందా అన్నది ఆ ఫారంలో ఎక్కడా ఉండదు. కనుక "మెడికల్ పాసయ్యావుగా" అని ఎవరైనా అంటే తలూపి ఊరుకోకు.

డబ్బు సంగతి. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసేచోట, నెల జీతం 21,000 రూపాయలు మించనివాళ్లకు ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, వర్తిస్తుంది. కాంట్రాక్టు కూలీ అయినా సరే. కాంట్రాక్టరు కట్టకపోతే ఆ బాధ్యత ప్లాంటు మీదే పడుతుంది. నీ జీతంలోంచి 0.75 శాతం కోత పడుతోందా, చీటీలో చూడు. యజమాని వాటా 3.25 శాతం. నీ పేరు మీద బీమా నంబరు ఉండాలి, అడిగి తీసుకో. కోత కోసి నంబరు ఇవ్వకపోతే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. చందా రోజులు సరిపోయి ఉంటే, డాక్టరు రాసిన సెలవుకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. పనిలో కత్తి తగిలి చేయి తెగడం, జారిపడటం లాంటి ప్రమాదమైతే అది వేరే ఖాతా, 90 శాతం ఇస్తారు. ప్రమాదం అదేరోజు రిజిస్టరులో ఎక్కేలా చూసుకో. నెమ్మదిగా వచ్చే నొప్పికి తేదీ ఉండదు కాబట్టి తేదీని నువ్వే తయారుచేసుకోవాలి. మొదట ఎప్పుడు వేలు ఇరుక్కుంది, ఆ వారం ఏ బల్ల మీద ఉన్నావు, ఎవరికి చెప్పావు, చిన్న నోటుబుక్కులో రాసిపెట్టు. డాక్టరుకు "చేయి నొప్పి" అని కాకుండా "బోనింగ్‌లో కత్తి పట్టే పని, రోజుకు ఇన్ని గంటలు" అని చెప్పి చీటీ మీద రాయించు.

జీవాలు కోసే పని మాది. మూడు నెలలుగా మా నాన్నకు నడుం కింద, తుంటి దగ్గర నొప్పి, మోకాలు వాపు. పని వల్లే అనుకుని బామ్‌లు రాస్తున్నాం. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడి, రాత్రి చెమటలకు బనియను తడిసిపోతుంది. బరువు కూడా తగ్గాడు.
— అనంతపురం జిల్లా నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

తల్లీ, బామ్ పక్కన పెట్టి ఈ వారమే నాన్నను ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లు. ఆ చెమటల మాట నువ్వు రాయకపోయి ఉంటే నేనూ కసరత్తులు చెప్పేదాన్నేమో. పని నొప్పి విశ్రాంతికి తగ్గుతుంది, సాయంత్రం జ్వరం తేదు, బరువు తగ్గించదు. గొర్రెలు, మేకలతో పనిచేసేవాళ్లకు ఇలా వస్తే బ్రూసెల్లోసిస్ ఉందేమో చూడాలి. అది బ్రూసెల్లా అనే క్రిమి వల్ల జీవాల నుంచి మనుషులకు అంటే జబ్బు. చూడి జీవాల గర్భసంచి, మావి ముట్టుకున్నప్పుడు, చేతిమీది కోతల్లోంచో కంట్లో చిమ్మిన తుంపర్లలోంచో ఆ క్రిమి ఒంట్లోకి పోతుంది. తుంటి కీళ్లు, వెన్నెముక, మోకాళ్లు దానికి ఇష్టమైన చోట్లు. మగవాళ్లకు వృషణాల వాపు కూడా రావచ్చు, నాన్న నీతో చెప్పకపోవచ్చు, అమ్మ చేత అడిగించు.

"మా నాన్న జీవాలు కోస్తారు, బ్రూసెల్లా పరీక్ష చేయిస్తారా" అని నువ్వే నోరు తెరిచి అడుగు. వృత్తి చెప్పకపోతే టైఫాయిడ్ దగ్గరే ఆగిపోయే ప్రమాదముంది. రక్త పరీక్షలో తెలుస్తుంది. వెన్నెముక టీబీ కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి డాక్టరు అదీ చూస్తారు. బ్రూసెల్లోసిస్ అయితే సాధారణంగా రెండు రకాల మందులు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి. రెండో వారానికే జ్వరం పోయి మనిషి తేరుకుంటాడు, అక్కడ మందులు ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఇంట్లో ఎవరూ పచ్చిపాలు తాగొద్దు. అదే జీవాల మధ్య ఉండే మిగతావాళ్లలో ఎవరికైనా జ్వరాలుంటే వాళ్లకూ పరీక్ష చేయించండి. నాన్న కబేళాలో ఉద్యోగి అయి ఈఎస్ఐ ఉంటే, కళేబరాలు ముట్టుకునే పనిలో అంటుకున్న జబ్బులు ఆ చట్టం మూడో షెడ్యూల్లో వృత్తి వ్యాధులుగా ఉన్నాయి. డాక్టరు చీటీ, పరీక్ష కాగితాలు జాగ్రత్త చేయి.

పనికి పోయేముందు ఒక నొప్పి మాత్ర వేసుకుంటే సాయంత్రం దాకా చేయి బాగా ఆడుతుంది. రోజూ వేసుకోవచ్చా? మా కొట్లో అందరూ అదే చేస్తారు.
— ఖమ్మం నుంచి

వద్దు. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజూ వేసుకుంటే కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. పరగడుపున టీతో వేసుకుని, మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా నిలబడేవాళ్లకు ఇంకా త్వరగా. పైగా నొప్పి తెలియని చేయి ఎంత పని చేయకూడదో అంతా చేస్తుంది. నొప్పి భరించలేనప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు, అన్నం తిన్నాక వేసుకోండి. ఇప్పటికే నెలల తరబడి వేసుకుంటున్నవాళ్లు మీ కొట్లో ఎంతమంది ఉన్నారో అంతమందీ ఒకసారి బీపీ చూపించుకుని, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి. మలం నల్లగా తారులా పోతుంటే మాత్ర ఆపేసి అదేరోజు డాక్టరును కలవండి.